ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్: ఎందుకు పుట్టాయి, కాకతీయ కాలువ దాకా ఎలా వచ్చాయి

1998 నుంచి 2004 దాకా తెలుగునాట ఏ ధర్నాకు వెళ్లినా ఒక తిట్టు వినిపించేది: ‘ప్రపంచ బ్యాంకు జీతగాడు’. ముఖ్యమంత్రిని ఉద్దేశించిన మాట అది. తిట్టినవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ జీతగాడు అంటే ఎవరు? వరంగల్ పల్లెల్లో దొరల దగ్గర, పటేండ్ల దగ్గర ఏడాదికింత అని కుదిరి, చేసిన అప్పు తీరక తరాలు తరాలుగా పనిచేసిన మన తాతలు. ఎక్కువమంది మాదిగలు, మాలలు. అప్పు ఇచ్చినవాడు పని ఎట్లా చేయించుకుంటాడో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ అనుభవం తిట్టుగా మారింది గానీ, ప్రపంచ బ్యాంకు అసలు ఏం చేస్తుంది, ఎందుకు పుట్టింది, దాని డబ్బు మన వాడకు ఏ దారిన వస్తుంది, ఏ దారిన పక్కకు పోతుంది అన్న వివరం మాత్రం మన సభల్లో పెద్దగా చర్చకు రాలేదు. విద్యార్థులకు, కార్యకర్తలకు ఉపయోగపడేలా ఆ వివరాన్ని ఒకచోట పెట్టాలన్నది మా ప్రయత్నం.

1944, ఒక హోటల్

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. 1944 జులై 1 నుంచి 22 దాకా అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, బ్రెటన్ వుడ్స్ అనే చోట మౌంట్ వాషింగ్టన్ హోటల్లో 44 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రతి దేశం తన కరెన్సీ విలువను పోటీపడి తగ్గించుకుంది, దిగుమతుల మీద గోడలు కట్టుకుంది. దాంతో వ్యాపారం కుప్పకూలి, నిరుద్యోగం పెరిగింది. ఆ పరిస్థితి మళ్లీ రాకూడదన్నది సమావేశం చెప్పుకున్న ఉద్దేశం. బ్రిటన్ తరఫున జాన్ మేనార్డ్ కీన్స్, అమెరికా తరఫున హ్యారీ డెక్స్టర్ వైట్ ముందే రెండు ప్రణాళికలు తయారు చేసుకొచ్చారు. యుద్ధంలో అప్పుల పాలైన బ్రిటన్ మాట కంటే, అప్పు ఇస్తున్న అమెరికా మాటే ఎక్కువగా నెగ్గింది.

అక్కడ రెండు సంస్థలకు రూపం వచ్చింది. ఒకటి అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ, అంటే ఐఎంఎఫ్. ఒక దేశం దగ్గర దిగుమతుల బిల్లు కట్టడానికి డాలర్లు లేనప్పుడు, కరెన్సీ కూలిపోకుండా కొంతకాలానికి అప్పు ఇవ్వడం దాని పని. రెండోది అంతర్జాతీయ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు. దీన్నే మనం ప్రపంచ బ్యాంకు అంటున్నాం. యుద్ధంలో ధ్వంసమైన యూరప్‌ను మళ్లీ కట్టడం దాని మొదటి పని. అందుకే 1947లో ఇచ్చిన తొలి అప్పు ఫ్రాన్స్‌కు వెళ్లింది, 25 కోట్ల డాలర్లు. పేద దేశాల పేదరికం గురించి ఆ బ్యాంకు మాట్లాడటం తర్వాతి సంగతి.

మూడో సంస్థ ఒకటి వాణిజ్యం కోసం రావలసింది, రాలేదు. దాని బదులు 1947లో గాట్ అనే ఒప్పందం కుదిరింది. అదే 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీవో అయింది. ఇది అప్పులు ఇవ్వదు, నియమాలు పెడుతుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు కరపత్రాల్లో ఈ మూడింటినీ ఒకే ఊపులో తిట్టేవారు. మూడూ ఒకే దిశలో నడిచాయన్నది నిజమే. కానీ ఏ దెబ్బ ఏ చేతినుంచి పడిందో విడదీయకపోతే ఎవరిని నిలదీయాలో తెలియదు.

మన బాకీ గురించి ఒక ప్రశ్న

బ్రెటన్ వుడ్స్‌కు భారత ప్రతినిధి బృందం కూడా వెళ్లింది. దేశం అప్పటికి స్వతంత్రం కాదు. బృందానికి నాయకుడు వైస్రాయ్ కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడు జెరెమీ రైస్‌మన్. రిజర్వు బ్యాంకు గవర్నర్ సి.డి. దేశ్‌ముఖ్, ఆర్.కె. షణ్ముఖం చెట్టి, పారిశ్రామిక వర్గం నుంచి ఎ.డి. ష్రాఫ్ అందులో ఉన్నారు. వాళ్లు ప్రధానంగా అడిగింది స్టెర్లింగ్ నిల్వల గురించి. యుద్ధం కోసం బ్రిటన్ మన దేశం నుంచి బట్ట, తిండి, ఇనుము తీసుకుంది. నగదు ఇవ్వలేదు, లండన్‌లో ఖాతా రాసి పెట్టింది. యుద్ధం ముగిసే నాటికి ఆ బాకీ వంద కోట్ల పౌండ్లు దాటింది. దాన్ని డాలర్లుగా మార్చుకునే దారి కొత్త సంస్థ చూపాలని భారత బృందం అడిగింది. అది మా రెండు దేశాల మధ్య వ్యవహారమని కీన్స్ కొట్టిపారేశాడు. వెనుకబడిన దేశాల అభివృద్ధి కూడా ఐఎంఎఫ్ లక్ష్యాల్లో ఉండాలన్న ప్రతిపాదననూ తోసిపుచ్చారు.

ఆ బాకీకి ఇంకో వైపు ఉంది. సరుకు బయటికి పోతుంటే ఇక్కడ నోట్లు అచ్చువేసి జీతాలు, ధరలు చెల్లించారు. ధరలు ఆకాశానికెళ్లాయి. 1943లో బెంగాల్ కరువు వచ్చింది. అందులో మొదట చనిపోయింది భూమి లేని కూలీలు, జాలర్లు, చేతివృత్తుల వాళ్లు. అంటే లండన్ ఖాతాలో రాసిన ఆ పౌండ్లలో మన కులాల ఆకలి కూడా ఉంది. ఆర్థిక చరిత్ర పుస్తకాలు స్టెర్లింగ్ నిల్వల గురించి పేజీలకు పేజీలు రాసి, ఈ ముక్కను ఒక వాక్యంలో దాటేస్తాయి.

సరిగ్గా ఆ రోజుల్లో రైస్‌మన్ పక్కన అదే వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా కూర్చున్నది డాక్టర్ అంబేద్కర్. 1942 నుంచి 1946 దాకా ఆయన ఆ బాధ్యతలో ఉన్నారు. బ్రెటన్ వుడ్స్‌కు ఆయన్ను పంపలేదు. కరెన్సీ మీద ఆ కౌన్సిల్లో ఆయనంత చదివినవాళ్లు అరుదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన చేసిన పరిశోధన 1923లో ‘రూపాయి సమస్య’ పేరుతో పుస్తకంగా వచ్చింది. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ కమిషన్ కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది, 1935లో రిజర్వు బ్యాంకు ఏర్పడింది. ‘రిజర్వు బ్యాంకును అంబేద్కరే పెట్టారు’ అని మన సభల్లో తరచూ అంటాం. అంతదూరం సాగదీయనక్కర్లేదని మా అభిప్రాయం. దానికంటే విలువైనది ఆయన వేసిన ప్రశ్న: రూపాయి విలువ తగ్గి ధరలు పెరిగితే లాభం ఎవరికి, నష్టం ఎవరికి? వ్యాపారికి లాభం, కూలి మీద బతికేవాడికి నష్టం అన్నది ఆయన వాదన సారాంశం. 1966లోనూ, 1991లోనూ రూపాయి విలువ తగ్గించినప్పుడు ఈ ప్రశ్న మళ్లీ అడగాల్సింది.

ఆ 1944లో వరంగల్ నిజాం సంస్థానంలో ఉంది. ఇక్కడ చెల్లిన డబ్బు బ్రిటిష్ రూపాయి కూడా కాదు, హాలీ సిక్కా. ఊళ్లలో వెట్టి నడుస్తోంది. వెట్టికి మారకపు విలువ ఉండదు కదా.

డాలర్‌కు ఒక ఓటు

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దేశానికొక ఓటు. ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకుల్లో అలా కాదు. ఎవరు ఎంత మూలధనం పెడితే అంత ఓటు. ఐఎంఎఫ్‌లో ఈ రోజు అమెరికా ఓటు పదహారున్నర శాతం దాకా ఉంది. ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం మద్దతు కావాలి. అంటే అమెరికా ఒక్కటే వద్దంటే ఆగిపోతుంది. ప్రపంచ జనాభాలో ఆరో వంతు పైగా ఉన్న భారత్ ఓటు 2.6 శాతం. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అమెరికా పౌరుడు, ఐఎంఎఫ్ అధిపతి యూరప్ వ్యక్తి కావడం ఎక్కడా రాసిపెట్టని ఆచారం. పుట్టుకతో నాయకత్వం దక్కే ఆచారం గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ప్రపంచ బ్యాంకు అన్నది నిజానికి ఒక సంస్థ కాదు, ఒక కుటుంబం. మొదటి బ్యాంకు మార్కెట్లో బాండ్లు అమ్మి డబ్బు తెచ్చి, వడ్డీకి ఇస్తుంది. 1956లో పుట్టిన ఐఎఫ్‌సీ ప్రభుత్వాలకు కాకుండా ప్రైవేటు కంపెనీలకు అప్పు ఇస్తుంది, వాటాలు కొంటుంది. 1960లో వచ్చిన ఐడీఏ పేద దేశాలకు వడ్డీ లేకుండా, ముప్పావు శాతం సేవా రుసుముతో, 35 నుంచి 40 ఏళ్ల గడువుతో ఇచ్చేది. చాలాకాలం ఐడీఏ డబ్బు అందరికంటే ఎక్కువ తీసుకున్నది మన దేశమే. 1966లో మనీలా కేంద్రంగా ఆసియా అభివృద్ధి బ్యాంకు వచ్చింది. అందులో జపాన్ మాట బలంగా నడుస్తుంది. 2014లో బ్రిక్స్ దేశాలు ఒప్పుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు షాంఘైలో, 2016లో మొదలైన ఆసియా మౌలిక పెట్టుబడుల బ్యాంకు బీజింగ్‌లో ఉన్నాయి. యజమానులు మారారు. భూమి లేనివాడి గురించి ఇవి పాత బ్యాంకుల కంటే ఎక్కువ పట్టించుకుంటాయనుకోవడానికి మాకైతే ఆధారం కనపడలేదు.

ఇక డబ్బు ప్రయాణం. ఏ రాష్ట్రమూ నేరుగా ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తీసుకోలేదు. అప్పు పత్రం మీద సంతకం కేంద్రానిది. రాష్ట్రంతో విడిగా ప్రాజెక్టు ఒప్పందం ఉంటుంది. 2005 మార్చి దాకా కేంద్రం ఆ డబ్బును మామూలు రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రూపాయల్లో ఇచ్చేది. 12వ ఆర్థిక సంఘం సిఫారసు తర్వాత, కేంద్రం ఏ షరతుల మీద తెస్తే అవే షరతుల మీద రాష్ట్రానికి ఇస్తోంది. డాలర్ ధర పెరిగితే ఆ భారం ఇప్పుడు రాష్ట్రానిదే.

పోచంపాడు నుంచి హసన్‌పర్తి

భారత్‌కు ప్రపంచ బ్యాంకు మొదటి అప్పు 1949 ఆగస్టులో, రైల్వేల కోసం, 3.4 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది దామోదర్ లోయ ప్రాజెక్టుకు ఇచ్చింది. ఆ ప్రాజెక్టు ఆలోచన కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ హయాంలో ముందుకు కదిలినదే.

మన ప్రాంతానికి వచ్చిన డబ్బులో కళ్లకు కనపడేది నీళ్ల డబ్బు. గోదావరి మీద పోచంపాడు దగ్గర 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఏళ్ల తరబడి నత్తనడక నడిచింది. 1971లో ఐడీఏ దానికి 3.9 కోట్ల డాలర్లు ఇచ్చింది. తర్వాత దాని పేరు శ్రీరాంసాగర్ అయింది. 1986లో మరో అప్పు, 1997లో మూడో నీటిపారుదల ప్రాజెక్టు కింద 32.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఈ రెండూ శ్రీరాంసాగర్‌తో పాటు రాయలసీమలోని శ్రీశైలం కుడి కాలువకు కూడా. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు డ్యాం దాటి, హసన్‌పర్తి మీదుగా వరంగల్ జిల్లాలోకి వచ్చే కాకతీయ కాలువ ఆ డబ్బు వాసన ఉన్న కాలువే.

ఈ కాలువ వల్ల మేలు జరగలేదని అనలేం. బావుల్లో నీరు పెరిగింది, రెండో పంట వచ్చింది, కూలి పని దినాలు పెరిగాయి. వలస కొంత ఆగింది. అయితే కాలువ నీరు భూమికి వెళ్తుంది, మనిషికి వెళ్లదు. ఎకరం ఉన్నవాడికి ఎకరం నీరు, యాభై ఎకరాలు ఉన్నవాడికి యాభై ఎకరాల నీరు. భూమి లేనివాడికి నీరు లేదు, దాని బదులు నాట్ల కూలి ఉంది. ప్రాజెక్టు లాభనష్టాల లెక్కలో అదనపు పంట విలువ మొత్తంగా వస్తుంది. అది ఏ కులం ధాన్యం కొట్టులోకి వెళ్లిందో ఆ లెక్క అడగదు. పైగా అసైన్‌మెంటులో దళితులకు వచ్చిన భూములు చాలా ఊళ్లలో మిట్ట మీద, బంజరులో, కాలువ చివర ఉంటాయి. చివరి ఆయకట్టుకు నీరు అందడం లేదన్న మాట పత్రికల్లో ప్రతి యాసంగికీ వస్తుంది. ఆ చివర ఎవరి పొలాలున్నాయో మాత్రం రాయరు.

మూడో ప్రాజెక్టుతో పాటు సంస్కరణ కూడా వచ్చింది. 1997లో రాష్ట్ర ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం తెచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ప్రపంచ బ్యాంకు దీన్ని దేశమంతటికీ ఆదర్శంగా చూపించింది. రైతులే నీటిని పంచుకోవడం, మరమ్మతులు చేసుకోవడం వినడానికి బాగుంటుంది. కానీ ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవారికి, లేదా కౌలు రుజువు చేసుకోగలిగిన వారికి. నోటి మాట కౌలు చేసే దళిత రైతు రుజువు ఎక్కడ తెస్తాడు?

ఇక్కడ నీరటి గురించి చెప్పాలి. తెలంగాణ ఊళ్లలో చెరువు తూము ఎత్తేది, ఏ మడికి ఎంతసేపు నీరు పోవాలో చూసేది, రాత్రి గండి పడితే మొదట పరుగెత్తేది నీరటికాడు. చాలా ఊళ్లలో ఆ పని దళితులదే. ప్రతి పొలం వంపు వాళ్లకు తెలుసు. నీటి యాజమాన్యం మీద వచ్చిన చట్టంలో నీరు తెలిసిన ఆ మనిషికి, సొంత భూమి లేకపోతే, ఓటు లేదు. ‘భాగస్వామ్యం’ అనే మాట ప్రాజెక్టు పత్రాల్లో ఎక్కడ కనపడినా, సభ్యత్వానికి అర్హత ఏమిటన్న పేరా దగ్గర ఆగి చదవమని విద్యార్థులకు మా సూచన.

1991: ద్రవ్యనిధి సంస్థ షరతులు

ప్రపంచ బ్యాంకు కాలువ రూపంలో వస్తే, ఐఎంఎఫ్ బడ్జెట్ రూపంలో వచ్చింది. 1991 మధ్య నాటికి దేశం దగ్గర ఉన్న విదేశీ మారకం మూడు వారాల దిగుమతులకు కూడా చాలదు. 47 టన్నుల దాకా బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువపెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చారు. జులై మొదటి వారంలో రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. ఐఎంఎఫ్ అప్పు తీసుకున్నారు. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టినవారు, అంతకుముందు హనుమకొండ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్లినవారు. ఆయన విగ్రహాల కింద రాసే ‘సంస్కరణల పితామహుడు’ అన్న మాట వెనక ఉన్న చరిత్ర ఇదే.

ఐఎంఎఫ్ షరతుల సారం సులభం: ప్రభుత్వ లోటు తగ్గించు, సబ్సిడీ తగ్గించు, ప్రభుత్వ రంగాన్ని కుదించు, దిగుమతులకు, పెట్టుబడికి తలుపులు తెరువు. ఇందులో కులం అనే మాట ఎక్కడా ఉండదు. కానీ రాజ్యాంగం ఇచ్చిన ఉద్యోగ రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగానికే వర్తిస్తుంది. ప్రభుత్వ ఉద్యోగం తగ్గితే, రిజర్వేషన్ చట్టంలో ఒక్క అక్షరం మార్చకుండానే రిజర్వేషన్ తగ్గుతుంది. మన తరం నష్టపోయింది ఎక్కువగా ఇక్కడే. రిజర్వేషన్ వ్యతిరేకులతో వీధుల్లో పోరాడాం. ఖాళీలు నింపకుండా వదిలేయడం మీద, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ మీద అంత పోరాడలేదు.

ఒక జాగ్రత్త. ప్రతి మూతకూ వాషింగ్టన్‌లో తాళం వెతకడం సరికాదు. 1934లో మొదలైన వరంగల్ అజాంజాహి మిల్లు కేంద్ర ప్రభుత్వ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిలో ఏళ్ల తరబడి పాత యంత్రాలతో కుంగిపోయింది. అందులో మన పాలకుల సొంత బాధ్యత చాలా ఉంది.

హనుమకొండలో ఒక విద్యుత్ కంపెనీ

1998 జూన్‌లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్వ్యవస్థీకరణ ప్రాజెక్టుకు 54.3 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అప్పటికి నెల రోజుల క్రితమే భారత్ అణుపరీక్షలు చేసింది, అమెరికా ఆంక్షలు అమల్లో ఉన్నాయి. అయినా ఈ అప్పు వచ్చింది. ఒక రాష్ట్రాన్ని ఎంచుకుని దాని విధానాలను మార్చడానికి అప్పు ఇవ్వడం మన దేశంలో బ్యాంకుకు కొత్త పద్ధతి. అందులో ప్రాథమిక విద్య, ఆరోగ్యం, పోషకాహారం, సాగునీరు, రోడ్లతో పాటు ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణ కూడా ఉంది.

1999 ఫిబ్రవరిలో విద్యుత్ రంగానికి విడిగా 21 కోట్ల డాలర్లు వచ్చాయి. అనుకున్న మొత్తం పదేళ్లలో వంద కోట్ల డాలర్లు, విడతలుగా. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోవడం, చార్జీలు నిర్ణయించే నియంత్రణ మండలి, 2000లో నాలుగు పంపిణీ కంపెనీలు చకచకా జరిగాయి. ఆ నాలుగింటిలో ఉత్తర తెలంగాణ జిల్లాలకు ఏర్పడిన ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయమే హనుమకొండలో ఉన్నది. ఇవాళ కరెంటు బిల్లు మీద కనిపించే ఆ అక్షరాలకు ఇదీ పుట్టుపూర్వోత్తరం.

2000లో చార్జీలు పెంచారు. ఆగస్టు 28న అసెంబ్లీ వైపు వెళ్తున్న ప్రదర్శనపై హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి మొదటి సంతకం రైతులకు ఉచిత విద్యుత్ మీద. ప్రపంచ బ్యాంకు సలహాకు పూర్తి వ్యతిరేకమైన ఈ నిర్ణయం తర్వాత కూడా రాష్ట్రానికి అప్పులు ఆగలేదు. షరతులు రాతిమీద గీతలు కావని, జనం తిరగబడితే బ్యాంకు సర్దుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఉచిత విద్యుత్ బోరు ఉన్నవాడికి. బోరు లేని దళిత రైతు ఇక్కడా కాలువ దగ్గర నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు కొన్ని యూనిట్లు ఉచితం చేయాలన్న డిమాండు విడిగా, తర్వాత, మన సంఘాలు తెచ్చుకోవలసి వచ్చింది.

బడి, పొదుపు, వడ్డీ

1996లో ప్రాథమిక విద్యా పథకం డీపీఈపీ మొదటి విడతలో రాష్ట్రంలో ఐదు జిల్లాలు తీసుకున్నారు. అందులో వరంగల్ ఒకటి. ఆ డబ్బు బ్రిటన్ ప్రభుత్వ సాయం. మిగతా జిల్లాలకు విస్తరించినప్పుడు ప్రపంచ బ్యాంకు వచ్చింది. ఊరి బడి దూరమైన వాడల్లో, తండాల్లో గదులు లేచాయి. చదువు మొదటిసారి గుమ్మం ముందుకొచ్చిన ఇళ్లు ఎన్నో. వాటితో పాటే విద్యా వాలంటీర్లు వచ్చారు. చిన్న గౌరవ వేతనం, ఏడాదిలో పది నెలల పని, ఏ హక్కూ లేని ఉద్యోగం. వాలంటీర్లలో మన పిల్లలే చాలామంది. పర్మినెంట్ టీచర్ పోస్టు రోస్టర్ ప్రకారం రావలసిన చోట వాలంటీరుగా చేరి, ఏళ్లు గడిపి, వయసు దాటిపోయినవాళ్లున్నారు.

2000లో ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ మొదలైంది. 2003లో మరో అప్పుతో వరంగల్ సహా మిగతా జిల్లాలకు వచ్చి, 2005 తర్వాత ఇందిర క్రాంతి పథం అయింది. నడిపింది సెర్ప్ అనే సొసైటీ. కాలువతో పోలిస్తే ఇక్కడ తేడా స్పష్టం: అతి పేదలను, ఎస్సీ, ఎస్టీ మహిళలను పేరుపెట్టి లెక్కలోకి తీసుకున్నారు. కొన్నిచోట్ల భూమి లేని దళిత మహిళలకు భూమి కొనిచ్చారు. భూ సమస్యల కోసం ఊళ్లలో పారాలీగల్ కార్యకర్తలను, సర్వేయర్లను తయారు చేశారు. పట్టా ఉండి కబ్జా లేని, కబ్జా ఉండి పట్టా లేని భూముల గురించి మొదటిసారి వాడలో కాగితం పట్టుకుని మాట్లాడిన యువకులు వాళ్లే. ప్రపంచ బ్యాంకు డబ్బుతో జరిగిన పనుల్లో మాకు మంచిగా అనిపించినది ఇదొక్కటే. దాని మీద ఖర్చు మొత్తం ప్రాజెక్టులో చాలా చిన్నది కావడం మాత్రం గమనించాలి.

పొదుపు సంఘాలు కట్టిన నేల మీదకే మైక్రోఫైనాన్స్ కంపెనీలు దిగాయి. సంఘంలో ఉన్న మహిళకు అప్పు ఇస్తే తిరిగి వస్తుందని అప్పటికే రుజువైంది కదా. వారం వారం వసూలు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లను ఇంటిముందు కూర్చోబెట్టడం, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. వరంగల్ సహా పలు జిల్లాల్లో ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారపు వసూళ్లను ఆపి, నమోదు తప్పనిసరి చేసింది. అంతకు కొద్ది నెలల ముందే ప్రపంచ బ్యాంకు మైక్రోఫైనాన్స్ విస్తరణ కోసం సిడ్బీకి 30 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఒకే కుటుంబంలోని ఒక చెయ్యి సంఘం కడుతుంది, ఇంకో చెయ్యి ఆ సంఘానికి మార్కెట్ వడ్డీ చూపిస్తుంది.

ఆదివాసికి ఒక నియమం, దళితుడికి?

నర్మదా లోయ ఉద్యమం ప్రపంచ బ్యాంకు చరిత్రను మార్చింది. మోర్స్ కమిటీ 1992లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1993 మార్చిలో సర్దార్ సరోవర్ అప్పు మిగతా భాగం ఆగిపోయింది. అదే ఏడాది తనిఖీ ప్యానెల్ ఏర్పడింది. ఆదివాసుల గురించి బ్యాంకుకు 1982 నుంచే విడి నియమం ఉంది. 1991లో, 2005లో దాన్ని మార్చారు. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న పర్యావరణ, సామాజిక చట్రంలో ఏడో ప్రమాణం పూర్తిగా ఆదివాసులది. కొన్ని సందర్భాల్లో వాళ్ల ముందస్తు సమ్మతి తప్పనిసరి.

దళితులకు అలాంటి విడి ప్రమాణం లేదు. ‘బలహీన వర్గాలు’ అనే పెద్ద గొడుగు కింద వృద్ధులు, వికలాంగులు, ఒంటరి మహిళలతో పాటు చేరతాం. వాళ్ల సమస్యలు చిన్నవని కాదు. కానీ కులం వయసు లాంటి వ్యక్తిగత బలహీనత కాదు, ఊరి నిర్మాణం. ఊరికి దూరంగా వాడ, వాడకు దూరంగా నీరు, భూమి రికార్డులో పేరు లేకపోవడం... ఇవన్నీ ప్రాజెక్టు మొదలు కాకముందే ఎవరికి లాభమో నిర్ణయించేస్తాయి.

అమరావతి దీనికి ఉదాహరణ. రాజధాని భూసమీకరణలో పట్టా భూమి ఇచ్చినవారికి ఎకరాకు వచ్చే ప్లాటు కంటే, అసైన్డ్ భూమి ఇచ్చినవారికి వచ్చేది తక్కువ. అసైన్డ్ భూములు ఎక్కువగా ఎవరివో చెప్పనక్కర్లేదు. 1977 నాటి చట్టం వాటి అమ్మకాన్ని నిషేధిస్తుంది. అయినా భయపెట్టి చవకగా కొన్నారన్న ఆరోపణలు వచ్చాయి. 2017లో అక్కడి ప్రజలు తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేశారు. ప్యానెల్ విచారణ అవసరమని చెప్పింది. 2019 జులైలో కేంద్రం 30 కోట్ల డాలర్ల ఆ అప్పు అభ్యర్థనను వెనక్కి తీసుకుంది. విచారణ జరగలేదు. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు అదే అమరావతికి మంజూరు చేశాయి.

ఏం చదవాలి, ఎవరికి రాయాలి

ఇవాళ తెలంగాణ అప్పుల్లో విదేశీ సంస్థల వాటా చిన్నది. కాళేశ్వరం అప్పులు దేశంలోని బ్యాంకులు, పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీల నుంచి వచ్చాయి. వాటికి తనిఖీ ప్యానెల్ కూడా లేదు. తెలంగాణ వచ్చాక గ్రామీణ సమ్మిళిత వృద్ధి ప్రాజెక్టు పేరుతో 150 వెనుకబడిన మండలాలకు ప్రపంచ బ్యాంకు 7.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పేరు దాని లక్ష్యాల్లో ఉంది. ఆ పేరు మీద ఏం జరిగిందో మండలం వారీగా అడిగే పని మన విద్యార్థులు చేయవచ్చు.

2010 జులై నుంచి ప్రపంచ బ్యాంకు తన పత్రాలను ఎక్కువ భాగం బయటపెడుతోంది. ప్రతి ప్రాజెక్టుకూ మొదట్లో ఒక మదింపు పత్రం, చివర్లో ఒక పూర్తి నివేదిక ఉంటాయి. మొదటిదానిలో ఎస్సీల గురించి ఏం వాగ్దానం చేశారో, రెండోదానిలో దానికి విడి లెక్క ఇచ్చారో లేదో పక్కపక్కన పెట్టి చూడాలి. చాలాసార్లు మొదట్లో ఉన్న ‘షెడ్యూల్డ్ కులాలు’ చివరికొచ్చేసరికి ‘లబ్ధిదారులు’ అయిపోతారు. రాష్ట్ర ప్రభుత్వం వైపు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, విదేశీ సాయం ప్రాజెక్టుల ఖర్చులో ఎంత ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి కింద చూపుతున్నారో అడగవచ్చు. కాలువకు, రోడ్డుకు పెట్టిన ఖర్చులో జనాభా శాతం చొప్పున కోసి ఎస్సీల పద్దులో వేశారా, లేక ఎస్సీ వాడకు నిజంగా చేరిన పనికి పెట్టారా అన్నది అందులో తేలుతుంది.

నష్టం జరిగితే తనిఖీ ప్యానెల్‌కు ఫిర్యాదు చేయడానికి ప్రాజెక్టు ప్రాంతంలోని ఇద్దరు మనుషులు చాలు. ముందు బ్యాంకు అధికారులకు సమస్య చెప్పినట్టు చూపాలి. ప్రాజెక్టు ముగిసిన 15 నెలల దాకా అవకాశం ఉంది. పేర్లు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. వకీలు అక్కర్లేదు, ఉత్తరం తెలుగులో రాసినా తీసుకుంటారు.